అత్త అల్లిన సీటు కవరు

మస్వింగో పట్నం దాటి తూర్పుకి పోయే రోడ్డు. ఆదివారం పొద్దున. స్టీరింగు దగ్గర న్యారై, పక్క సీట్లో ఆమె మేనత్త మావిస్.

"అది కాదు పిల్లా, సీటు మెత్తగానే ఉంది, కాదన్నానా? నేనడిగేది నా కవరు. నేనల్లిన కవరేదీ అని."

"చెప్పాగా అత్తా. ఉతకడానికి తీశాను."

"ఆరేళ్ళు ఉతకనిదానికి ఇప్పుడేం ఉతుకు?"

"ఆరేళ్ళు కోళ్ళని మోసిన బండి. కవరు నిండా ఈకలే. కొత్త బండికి ఆ కంపు అంటించమంటావా?"

"కొత్తదట, కొత్తది. పాతదాని చెల్లెల్లా ఉంది. అదే మూతి, అవే ఏడు సీట్లు."

"చెల్లెలే. ఏడేళ్ళు చిన్నది. తాళంచెవి కూడా అక్కర్లేదు, చూశావా? బొత్తాం నొక్కితే చాలు."

"తాళంచెవి లేకపోతే బండి నీదని ఊరికెట్లా తెలుస్తుంది? చేతిలో ఆడిస్తూ సంతలో తిరగొద్దూ. అదుగో, మళ్ళీ మాట్లాడింది. ఎవరే ఆవిడ?"

"బండే. జపాను నుంచి వచ్చింది కదా, ఆ భాషే మాట్లాడుతుంది."

"ఏమంటోంది?"

"ఏమో. అమ్మినవాడికీ తెలీదు. దారి చెబుతుందట. ఇక్కడి దారులు దానికేం తెలుసు, ఇంకా జపాన్లోనే ఉన్నాననుకుంటోంది."

"పాపం, పుట్టిల్లు వదిలొచ్చిన పిల్ల. బాగున్నావా అమ్మా? నవ్వకే, పలకరిస్తే తప్పేముంది. మరి ఈ టింగు టింగు ఏంటి?"

"నువ్వు బెల్టు పెట్టుకోలేదని. పెట్టుకునేదాకా ఊరుకోదు. లేదా దిగేదాకా."

"మా ఆయన నయం, నిద్రపోతే ఊరుకునేవాడు. పెట్టుకున్నాలే, పెట్టుకున్నా. అయితే కవరు ఆరాక మళ్ళీ తొడుగుతావుగా?"

"దాని మీద ఎందుకత్తా అంత పట్టు?"

"పట్టేముంది. నా చేతి అల్లిక. కళ్ళు కనపడే రోజుల్లో అల్లింది. అదుగో, బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు మనల్నే చూస్తున్నారు. చెయ్యి ఊపనా?"

"ఊపు."

"ఊపాను. ఒకావిడ మొహం మాడ్చుకుంది. బాగుంది, బాగుంది. డిక్కీలో ఏంటే ఆ దొర్లేది? గుడ్లా?"

"గుడ్లు దొర్లిస్తానా? సంచులు. ఇచ్చేవాళ్ళకి ఇచ్చేద్దామని."

"ఎవరికి? చుట్టాలకి బండి చూపించొద్దాం అన్నావు, చర్చికి కట్టుకునే బట్టలు కట్టుకుని ఎక్కాను. మీ పిన్ని ఇల్లు దాటి అరగంటైంది. ఇంతకీ ఎవరింటికి?"

"లవ్‌మోర్ ఇంటికి."

"ఏ లవ్‌మోర్?"

"నన్ను ఎంతమంది లవ్‌మోర్‌లకి ఇచ్చారు? బస్సు కండక్టరు. చంకలో చంటిదాంతో, రెండు సంచుల్తో నన్ను గుటు మలుపు దగ్గర దించేసి పోయినవాడు. తొమ్మిదేళ్ళయింది. ఎవరిదో బండి అడిగి తెచ్చుకున్నాడు, గుర్తుందా? ఈ రకం బండే. దిగు అన్నాడు. ఇంజను కూడా ఆపలేదు."

"గుర్తు లేకేం."

"అప్పుడే అనుకున్నా, కొంటే ఈ రకమే కొనాలి, వాడి వాకిట్లో ఆపాలి, అందులోంచి నేను దిగాలి అని. పాతది కొన్నదీ అందుకే. కోళ్ళ కంపుతో పోబుద్ధి కాలేదు. ఇప్పుడు చూడనీ."

"చూడనీ మరి. కళ్ళు పేలిపోయేట్టు చూడనీ. మనం దుప్పి వంశం ఆడపిల్లలం, మరిచిపోయే జాతి కాదు. కానీ ఇవాళ వద్దులే."

"ఎందుకు?"

"ఆదివారం కదా, ఇంట్లో ఉండడు."

"ఆదివారమే ఉంటాడు."

"వాన పడుతుంది."

"మబ్బే లేదు."

"నా మోకాలు చెబుతోంది."

"బండి చూపించడానికి ఒక్కటే కాదు అత్తా. గుపూరో అడగాలి."

"అదిప్పుడెందుకే, తొమ్మిదేళ్ళ తరవాత?"

"ఆచారం ఆచారమే అన్నది నువ్వేగా. పెళ్ళాన్ని వదిలేసినవాడు గుపూరో అని ఒక నాణెం ఇవ్వాలి. ఆ పిల్ల మేనత్త చేతికివ్వాలి. మేనత్త తీసుకెళ్ళి తండ్రి చేతిలో పెట్టాలి. అప్పుడే విడిపోయినట్టు. అది రాలేదు గనక నువ్వింకా వాడి పెళ్ళానివే, ఇంకొకడి గడప తొక్కకూడదు అన్నావు."

"అన్నాను. రాలేదు మరి."

"రాలేదు."

"వస్తే ఇవ్వనా?"

"నేనూ అదే అనుకున్నాను. ముటాసా మాస్టారూ అదే అనుకున్నాడు. నాలుగేళ్ళు అత్తా. నెలకోసారి వచ్చి మెట్ల మీద కూర్చుని, నాణెం వచ్చిందా అని అడిగేవాడు. నువ్వే టీ ఇచ్చేదానివి."

"మంచివాడు. చక్కెర మాత్రం నాలుగు చెంచాలు."

"ఆఖరిసారి టీ తాగలేదు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నాకూ వయసైపోతోంది న్యారై, అన్నాడు. గేటు దాకా పోయి వెనక్కి తిరిగాడు. నేను నీ వైపు చూశాను. నువ్వు తల అడ్డంగా ఊపావు."

"ఇప్పుడు పిల్లలనుకుంటా అతనికి."

"ఇద్దరు. చిన్నదాన్ని మొన్న సంతలో చూశాను. అచ్చం తండ్రి చెవులే."

"అందుకే అంటున్నా. ఇప్పుడా నాణెం వచ్చి ఎవర్ని ఉద్ధరించాలి? వెనక్కి తిప్పు పిల్లా. కళ్ళు తిరుగుతున్నాయి నాకు. ఈ చల్లగాలి పడలేదు."

"తలుపులో నీళ్ళ సీసా ఉంది, తాగు. ఇవాళ వాడి గల్లా పట్టుకుని అడుగుతాను. నిన్ను పక్కన నిలబెట్టుకునే అడుగుతాను, మా అత్త చేతికి ఏమన్నా ఇచ్చావా అని."

"ఇచ్చాననే అంటాడు. కండక్టరు. చిల్లర ఎప్పుడడిగినా ఇచ్చాననే అంటాడు. వాడి మాట నమ్ముతావా, నా మాట నమ్ముతావా?"

"నేనింకా ఏమీ అన్లేదుగా."

"ముందే చెబుతున్నా. వాడు నీకు పక్కలో బల్లెం, అప్పుడూ ఇప్పుడూ."

"పక్కలో బల్లెమే. అదుగో, గుటు మలుపు."

"న్యారై, తిప్పకు. నా తల్లీ, తిప్పకే."

"తిప్పడం లేదు."

"దాటిపోయింది."

"అవును, దాటిపోయింది."

"అమ్మయ్య. బుద్ధిమంతురాలివి. మా అన్న కూతురివి అనిపించుకున్నావు. వాడి పాపాన వాడే పోతాడు, మనకెందుకు. ఆ చల్లగాలి కాస్త పెంచు. నిజం చెప్పొద్దూ, హాయిగా ఉందే ఈ బండి. గుంతలే తెలీడం లేదు. పాతదాంట్లో నడుం విరిగేది. కాళ్ళు చాపుకోవచ్చు, కునుకు తీయొచ్చు. మనిద్దరికీ ఇంకేం కావాలి? ఇప్పుడెటు?"

"ఇంకాస్త ముందుకి. ఒకటడగనా అత్తా? నాణెం అప్పుడే వచ్చి, నేను మాస్టారింటికి పోయుంటే, నువ్వెక్కడ ఉండేదానివి?"

"ఎక్కడో అక్కడ."

"ఎక్కడ?"

"ఏముంది చెప్పడానికి. మా ఆయన పోగానే మరుదులు ఇల్లు లాక్కుని వెళ్ళగొట్టారు. మీ నాన్నకి అప్పటికే ఒంట్లో బాలేదు. కొత్త మొగుడున్న ఇంట్లో ముసల్దాని కంచం ఎవరికి గుర్తుంటుంది? పోనీలే, ఆ గొడవెందుకు. నీకు తోడున్నాను. నీ కూతురు రువాకి జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది నేనే."

"కూర్చున్నావు. అది అబద్ధం కాదు."

"అంత మెల్లగా అంటావేం? ఇదేంటి, బికిటా మలుపు కదా. ఎందుకాపావు?"

"లవ్‌మోర్ ఇంటికి నిన్ననే వెళ్ళొచ్చాను."

"నిన్నా? కొట్లకి గుడ్లు వేసి రావడానికన్నావు."

"బండి చూసి కుళ్ళుకుంటాడనుకున్నా. బాగుంది న్యారై, అన్నాడు. టైరు కాలితో తన్ని చూసి, చాలా బాగుంది అన్నాడు. కుళ్ళుకోలేదత్తా. తొమ్మిదేళ్ళు నేను మోసింది వాడికి గుర్తే లేదు. నా గుపూరో ఏదిరా అంటే తెల్లబోయాడు. ఆ నెల్లోనే మీ అత్తకి ఇచ్చానే, అన్నాడు. ఐదు సెంట్ల బిళ్ళ, కుందేలు బొమ్మది. బస్సు టిక్కెట్టులో చుట్టి, దాని మీద మీ నాన్న పేరు రాసి ఇచ్చానన్నాడు."

"చెప్పానా? అబద్ధాలకోరు."

"నేనూ ఆ మాటే అన్నాను. చెంప మీద ఒకటిచ్చి మరీ అన్నాను, మా అత్త మీద నింద వేస్తావా అని. ఇంటికొచ్చాక కోపంతో చేతులూరుకోలేదు. నీ కవరు నీళ్ళలో వేసి ఉతకబోయాను."

"న్యారై."

"అంచు ఒకచోట గట్టిగా తగిలింది."

"విను. కాస్త విను. పారెయ్యలేకపోయాను. గుపూరో పారేస్తే పోయిన పెద్దలు ఊరుకోరు. ఇంట్లో పెడితే నువ్వు ఊడుస్తావు, దొరుకుతుంది. నువ్వు బండి కొనేదాకా నడుముకి కట్టుకున్నా, తరవాత కవరు అంచులో పెట్టి కుట్టేశా. ఇద్దామనే అనుకున్నానే. మొదటి నెల మీ నాన్న మంచం దిగలేదు. తరవాత వానలు. తరవాత... తరవాత మాస్టారు వచ్చాడు."

"మూడేళ్ళు నడుముకి కట్టుకున్నావు, ఆరేళ్ళు దాని మీద కూర్చున్నావు. నా పక్కనే. మా నాన్న పోయేటప్పుడు కూడా అడిగాడు, నా పిల్ల గుపూరో వచ్చిందా అని."

"భయమేసిందే. నువ్వు పోతే నేనొక్కదాన్నే మిగులుతానని భయమేసింది. మాట్లాడు. ఆ టింగు టింగు ఆపు, తల బద్దలవుతోంది."

"నీ బెల్టు నేను విప్పాను. అందుకే."

"డిక్కీలో ఆ సంచులు?"

"రెండు. బట్టలు, దుప్పట్లు, మోకాలికి రాసుకునే నూనె. కవరు ఆరింది, మడిచి పైన పెట్టాను. బికిటా బస్సు పన్నెండుకి వస్తుంది. మీ మరుదుల ఊరి పేరు చెబితే డ్రైవరే దింపుతాడు."

"వాళ్ళు గుమ్మం ఎక్కనివ్వరు. నీకు తెలుసు, ఎక్కనివ్వరు. తిట్టు, కొట్టు, కోళ్ళ షెడ్డులో పడుకుంటాను. మీ నాన్న చెల్లెల్నే. మేనత్తని వదిలెయ్యడం మన ఆచారంలో ఎక్కడుంది?"

"చెయ్యి చాపండి."

"అండీ ఏంటే? నన్ను ఎప్పుడన్నా అండీ అన్నావా?"

"ఒక చెయ్యి కాదు, రెండూ. ఏదన్నా పుచ్చుకునేటప్పుడు రెండు చేతులూ చాపాలని మీరే నేర్పారు."

"ఏంటిది? ఏం పెట్టావు?"

"కుందేలు బొమ్మ బిళ్ళ. మీ గుపూరో. ఇంక దిగండి, నేను ఇంజను ఆపను."