కొండచిరుత దారిలో కెమెరా పెట్టెలు

ఎన్నో ఏళ్ల కిందట ఒక జూన్ ఒకటో తేదీన వన్యప్రాణుల సర్వే శాఖలో చేరిన మా ‘మచ్చల మాస్టారు’ ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఒంటిమీది మచ్చలను బట్టి ఏ కొండచిరుత ఏదో పోల్చగలవారు కనుక ఆయనకు ఆ పేరు స్థిరపడింది. అయినా ఇన్నేళ్లుగా ఒక సందేహం ఆయన్ను విడిచిపెట్టలేదు: చిరుత తిరిగే దారిలో మనం కెమెరా పెట్టామా, మనం కెమెరా పెట్టామనే చిరుత ఆ దారి పట్టిందా?

ఆ సందేహాన్ని ఆయనకు అంటించినవాడు ఒక మేకల కాపరి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మాస్టారు మేకలు నడిచే బాటలోనే, జంతువు ఎదురుగా వస్తే వాటంతటవే ఫోటో తీసే కెమెరా పెట్టెలు బిగించారు. ఆ వారంలోనే మందకు ముందు నడిచే గంటమేకను చిరుత చంపింది. సగం తిన్న కళేబరం మీద చల్లడానికి కాపరి విషం తెచ్చాడు. ఆ కొండల్లో మిగిలినవే కొద్దిపాటి చిరుతలు; ఈ చిరుత మళ్లీ వచ్చి ఆ మాంసం ముట్టిందంటే ఇంకొకటి తగ్గినట్లే. మాస్టారు అడ్డంగా నిలబడ్డారు.

“ఈసారికి వదిలెయ్యన్నా.”

“మీ పెట్టె రాకముందు ఈ బాటలో దాని జాడే లేదు సారూ. ఏం వాసన పూశారు దానికి?”

“ఏమీ పూయలేదు.”

“మరెందుకొచ్చింది?”

“నాకూ అర్థం కావట్లేదు.”

ఆ మాటకు కాపరి మెత్తబడి, విషం పొట్లాన్ని తిరిగి సంచిలో వేసుకున్నాడు.

మర్నాడే మాస్టారు పెట్టెలను పైబండల దగ్గరికి మార్చారు. చిరుత అక్కడా కనిపించింది, బాటలోనూ కనిపించింది. చిక్కు మరింత బిగుసుకుంది. తరువాత ఆయన పర్యవేక్షకులై, ఎందరికో శిక్షణనిచ్చినా, కాపరులను అడగనిదే ఏ దారిలోనూ పెట్టె పెట్టనివ్వలేదు.

“ఇంట్లో బీరువా జరపాలన్నా మేకలవాళ్లని అడిగొస్తానంటారు” అని వారి శ్రీమతి మేలమాడతారు. రోజూ దీపం పెట్టి తాను దేవుణ్ని అడిగే ప్రశ్నల్లో ఆ చిరుత దారి సందేహమూ ఒకటని మాస్టారే చెప్పారు. అన్నీ తెలియడం మన వంతు కాదేమో.

ఆనాడు విషం మానుకున్నందుకు కాపరి కోరింది ఒక్కటే. తన బదులు ఒక పగలు మేకలు కాస్తే, పట్నంలో ఉన్న అక్కను చూసొస్తానన్నాడు. “వచ్చే నెల తప్పకుండా” అంటూనే మాస్టారి ఉద్యోగకాలమంతా గడిచిపోయింది. ఇన్నాళ్లూ అక్కే వచ్చి తమ్ముణ్ని చూసిపోయేది. ఈ ఏడు ఆమె మంచం దిగలేకపోతున్నదని తెలిసి, పోయిన వారం మాస్టారు సెలవు పెట్టి కొండెక్కారు.

సాయంత్రం కాపరి తిరిగొచ్చేసరికి మంద దొడ్లోనే ఉంది. ఒక్క మేకా పోలేదు. పైగా ఒకటి ఎక్కువే ఉంది.

“ఇదెవరిది సారూ?”

“అదే తెలియట్లేదన్నా. పొద్దున్న లేదా?”

కాపరి పడీపడీ నవ్వాడు. తరువాత కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

“పోనీలెండి, మీ బాకీ తీరింది. నన్ను చూసి అక్క లేచి కూర్చుంది సారూ. మిమ్మల్ని నూరేళ్లు చల్లగా ఉండమంది.”

మా అందరి ప్రార్థనా అదే.