కొమ్ముల రంగుతో రాసిన ‘స’

తెల్లారితే రామన్నపేట బడిలో వార్షికోత్సవం. ప్రార్థన పాడాల్సిన పిల్లా, హార్మోనియం వాయించాల్సిన ఆమె మేనమామా అరుగు మీద కూర్చున్నారు. నలుగురిలో నోరు విప్పి పాడడం ఆ పిల్లకు ఇదే మొదటిసారి.

“మామా, జర పైకి వాయించవా? గంత కిందికి నా గొంతు పోతలేదు.”

“ఎట్ల వాయించాలె కోడలా? స, రి, గ, మ అని హార్మోనియం పెట్టె మెట్ల మీద రాసుకున్న. ఎడ్ల కొమ్ములకు పూసే రంగుతోని రాసిన. గీకినా పోదు.”

“‘స’ ఒక్కకాడ్నే ఉండదంట మామా. ఎవరి గొంతు ఏడ సుఖంగ నిలిస్తె గాడ్నే ‘స’ అనుకోవాలని టీచరమ్మ చెప్పింది.”

“నా ‘స’ ఏమన్న మేకపిల్లనా, నీ ఎంట తిరగనీకి? భువనగిరికి పోయి నేర్చుకొచ్చిన నేను.”

“భువనగిరిల నీ గురువు గూడ మెట్లకు గీ రంగే పూసిండా?”

“నోరు మస్తు లేస్తాంది. గా నోటితోనే కిందికి పాడు.”

“కిందికి పోతె పాట రాదు మామా, ఉత్త గాలొస్తది.”

“రానీ. నేను గట్టిగ వాయిస్త, నువ్వు పెదవులు కదిలియ్యి. పాడేది నువ్వో కాదో ఎవలకు ఎరుకైతది?”



“సరె మామా. ముందుగాల నువ్వే వాయించు. అందరు చప్పట్లు కొట్టినంక పెట్టె మూసెయ్యి. అప్పుడు నేను పాడుత.”