గట్టయ్య గాలి తుపాకి

"మొదలు అడివి పందులనే కొట్టిన" అంటూ చాయి సాసర్లో పోసుకున్నాడు గట్టయ్య.

గాలి తుపాకి చేసినాయన ఎవరో కనుక్కొని మిల్లుకు ఫిట్టరుగా పెట్టుకుందామని సుల్తానాబాద్ రైసుమిల్లు నుంచి వచ్చిన హనుమండ్లు ఎదురుగా కూర్చున్నాడు. మూలబల్ల మీద కూర్చున్న అంతయ్య కూడా ఆ కొలువు కోసమే వచ్చాడు గానీ ముందుకు రాలేదు. కుడిచేతికి తువ్వాల చుట్టుకున్నాడు. ఈ చెయ్యి చూస్తే పని ఎవరిస్తారని ఆయన భయం.

"ఇనుప డ్రమ్ముకు సైకిల్ పంపుతోని గాలి కొట్టిన, దానికి రెండు గజాల గొట్టం వెట్టిన. జొన్నచేన్ల మంచె మీదికెల్లి వదిల్తె పందుల మంద పరార్! అయితె అసలు కత గొట్టంల లేదు తమ్మీ, మట్టి ఉండ ఎక్కిచ్చుట్ల ఉన్నది. వెనక జారుడు తలుపు, దాని మీద ఉండల డబ్బ. తలుపు గుంజితె ఒక్కటి దిగుతది, మూస్తె గాలి తంతది. గీ ఉపాయం ఇంకెవనికన్న తట్టిందా?" అన్నాడు గట్టయ్య.

తట్టింది అంతయ్యకే. డబ్బాకు రేకు కోసింది, వారం రోజులు కూర్చొని తలుపు అరగదీసింది తనే.

"ఎంత దూరం పోయేదే?" అన్నాడు హనుమండ్లు.

"తొల్తది చేను దాటింది, రెండోది గోదారి దాటింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడోది భైంసా అంగట్ల పత్తి సేటు రుమాలు ఎత్తుకపోయింది! నా రుమాలు నాకు పంపుమని సేటు ఉత్తరం రాసిండు. నలభయ్యోది కొట్టేసరికి మెట్‌పల్లి మీద మబ్బుకు తూటు వడి మూడొద్దులు వాన!"

"జర తగ్గియ్యి గట్టన్నా" అని నవ్వింది చాయి కాచే బుచ్చవ్వ.

"తగ్గిచ్చే చెప్తున్న! డబ్బల ఉండలు వోసుడే, చెయ్యి వెట్టే పనే లేదు. ఒక్కనికన్న గీత వడలే."

అంతయ్య లేచి వచ్చి, తువ్వాల విప్పి, చెయ్యి బల్ల మీద పెట్టాడు. బొటనవేలు, చిటికెనవేలే ఉన్నాయి.

"ఉండలు రెండొద్దులు ఎండవెట్టుమన్న. నువ్వు రేగడిమట్టి పచ్చివే తెచ్చినవ్, డబ్బల అతుక్కున్నయి. ఏం గాదు, చెయ్యి వెట్టి నూకు అన్నది నువ్వు, తలుపు మూసింది నువ్వు. నా మూడు వేళ్ళు ఏ ఊళ్ళె వడ్డయే? భైంసలనా, మెట్‌పల్లిలనా?"

గట్టయ్య సాసర్లో చాయి మళ్ళీ కప్పులోకి ఒంపాడు.

హనుమండ్లు అంతయ్య వైపు తిరిగాడు. "పనితనం నీదే అన్నా, సమజైంది. కాని మిల్లుల రెండు చేతుల పని ఉంటది" అని లేచి బస్సుకు పోయాడు.