జేజినాయన జుబ్బా

పంతొమ్మిదొందల డెబ్బై ఎనిమిదిలో ఒక ఆదివారం, ఆళ్లగడ్డ బస్టాండులో తండ్రీకొడుకులు పెళ్లిచూపులకని నంద్యాల బస్సు కోసం నిలబడ్డారు. కొడుకు ఒంటిమీది బట్టలు చూసి తండ్రికి ఒళ్లు మండింది.

“మా నాయన జుబ్బా ఏసుకొచ్చినావేందిరా? కొత్తగా కుట్టించిన బెల్‌బాటం ఎందుకేసుకోలా?”

“బెల్లు చర్చికుంది, బాటం నాకుంది. రెండూ కలిపి కుట్టేదెందుకు నాయనా?”

“ఎగతాళా? పిల్ల నిన్ను జూసి తాతా అంటాది!”

“అననీ. ఆ ప్యాంటేస్తే అద్దంలో ఎవుడో ఉన్నెట్లుండె. జేజినాయన జుబ్బా ఏసినాకే నాకు నేను అగుపడినా.”

“నువ్విట్ల జేస్తావనే ఆ ప్యాంటు సంచిలో తెచ్చినా, నోర్మూసుకోని మార్చుకో.”

“పిల్ల జూడాల్సింది నన్నా, దర్జీనా?”

“సంబంధం తప్పిపోతే?”

ముందే ఫోటోలో చూసిన పిల్ల కొడుక్కి బాగా నచ్చింది. అయినా జుబ్బా గుండీ ఊడదీయలేదు.

“పోనీ నాయనా. ఇది విప్పితేనే ఒప్పుకుంటాదంటే, ఆ ఒప్పు నాకు తప్పు.”