నోరు తీపి కానిదే

బోధన్‌లో బీడీలు చేసే ఈరవ్వ వాళ్ల కిరాయి ఇల్లు. రేపు కొత్త ఇంటి రిజిస్ట్రేషన్. ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కన కూతురు నిరోష, ఇంటికి వచ్చిన ఒక పెద్దమనిషి.

“...గదే చెప్తున్న ఈరవ్వక్కా, నేను, ఇల్లు అమ్మే గులాంను. నా పాత అకౌంట్ బంద్ అయింది. పొద్దుగాల మెసేజ్ పెట్టిన గదా, ఇంటి పైసలు గా కొత్త నంబర్‌కు కొట్టుండ్రి.”

“గొంతేంది గులాం సాబ్, గిట్లున్నది?”

“జలుబు అక్కా, జలుబు.”

“అయ్యో. అల్లం చాయ్ తాగుండ్రి. నిరోషా, అన్నకు ఇంకో పల్లిపట్టి పెట్టవే.”

“పెట్టిన అమ్మా. నములుతనే ఉన్నడు. పైసలు కొట్టాల్నా మరి?”

“ఆగు బిడ్డా.”

“ఆగుడేంది అక్కా? ఇల్లు కొంటమని రెంజల్ ఊరి పార్టీ రెడీగున్నది. ఇయ్యాల పడకుంటే వాళ్లకే ఇస్త.”

“గట్ల అనకుండ్రి సాబ్. బీడీలు చేసుకుంట, సామాన్లు నెత్తిన పెట్టుకుని ఇండ్లు మారుకుంట ఇంత దూరం వచ్చినం. నా పానమంత గా ఇంటి మీదనే ఉన్నది.”

“మరి కొట్టుండ్రి.”

“కొడ్త. గని నోరు తీపి కానిదే ఎట్ల? అమ్మేటాయన కొనేటోళ్ల ఇంట్ల కూసోని తీపి తినాలె. అకౌంట్ నంబర్ తన నోటితోని చెప్పాలె. గప్పుడే పైసలు. గది మా పద్ధతి.”

“పైసలు పడంగనే వచ్చి తింట.”

“తింటరా? మీకు షుగర్ గదా?”

“షుగరా? నాకా? అది... నయమైంది.”

“గంత జల్ది నయమైందా? మరి మెహరున్నిసా వదినె తిననిస్తదా?”

“ఆమె ఏమంటది? ఏమనది. అక్కా, టైమైతుంది...”

“ఎన్ని పట్టీలు తింటరు?”

“కిలో తింట. ముందు కొట్టుండ్రి.”

“విన్నవా అన్నా? కిలో తింటడట.”

“ఎవరక్కా, పక్కన ఎవరు?”

“నిరోషా, అన్నకు నీళ్లియ్యి, మాట్లాడుతడు. సూడు తమ్మీ, నీ మెసేజ్ సూసి మా బిడ్డ పొద్దుగాలనే కొట్టేది. నోరు తీపి చెయ్యనిదే వద్దని నేనే ఆపి, అసలు ఇల్లు అమ్మేటాయనను పిలిపిచ్చిన. గందుకే బతికినం.”

“అమ్మా, సైబర్ పోలీసోళ్లకు వీని నంబర్ గూడ నేను చెప్పిన.”

“రాంగ్ నంబర్... రాంగ్ నంబర్ అక్కా...”

“ఫోన్ పెట్టకు బేటా. అసలు గులాంను నేను. నీళ్లు తాగిన, ఇగ మాట్లాడొస్తది. నా ఇల్లు అమ్మినవు, నా పేరు వాడినవు, పోనీ. షుగర్ నయమైందన్నవు చూడు, గా మాట ఒక్కసారి మా ఇంటామె మెహరున్నిసాకు చెప్పి పో. ఇగో, ఇప్పుడే వచ్చి గడపల నిలబడి నా చేతిల పట్టీనే చూస్తున్నది.”