ఎగిరిన చోట

వంటింటి బల్ల. చెల్లెలి ముందు తెరిచిన స్వరాల పుస్తకం. ఎదురుగా అక్క బఠానీలు వలుస్తోంది.

"ఒకటీ రెండూ మూడు, ఒకటీ రెండూ... అక్కా, ఆ గిన్నె కాస్త అవతల పెట్టవా? వయొలిన్ల వరస మీద బఠానీ పడింది."

"పడనీవే. అన్ని చుక్కల్లో అదీ ఒక చుక్క."

"నవ్వకు. ఆదివారం కచేరీ. మొదటిసారి ఆర్కెస్ట్రాని కండక్ట్ చేస్తున్నాను. ఇరవై వాద్యాలు ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి. చూడగానే అన్నీ వినపడాలి నాకు."

"మీ బావకి వినపడతాయి. ఆయన పుస్తకమేగా అది! నేను పిలిస్తే మాత్రం వినపడదు."

"కండక్టరయ్యానంటే పక్కింటావిడ ఏ రూటు బస్సని అడిగింది."

"ఏం చెప్పావ్?"

"ఎక్కడా ఆగదండీ, డైరెక్టన్నాను."

"బాగుంది!"

"సరే, ఈ మూడు దెబ్బల వాల్ట్జ్ విను. తాం తరరా, తాం తరరా..."

"అబ్బ, ఎవరు తరుముతున్నారే? బాకా వచ్చే చోట నెమ్మదించు."

"నెమ్మదించమని అచ్చులో లేదే!"

"అక్కడ పిల్ల ఎగురుతుంది. దిగడానికి టైమివ్వద్దూ?"

"ఇది సూట్ అక్కా. బ్యాలే నాట్యంలోంచి సంగీతం మటుకు ఏరి కచేరీకి కూర్చారు. స్టేజీ మీద పిల్లా లేదు, ఎగరడమూ లేదు."

"నీకు లేదు."

"అంటే... నువ్వు జారిపడిన బ్యాలే ఇదేనా?"

"బఠానీలు సగం పుచ్చువే ఇచ్చాడు చూడు."

"అక్కా."

"ఇదే."

"స్టేజీ మీద నీళ్ళున్నాయన్నావు. తుడిచే ఆవిణ్ణి అమ్మ ఎన్ని తిట్టిందో!"

"నీళ్ళూ లేవు, గీళ్ళూ లేవు. నేనింకా పైనుండగానే పాట కిందికి దిగేసింది. అందుకోవాలని తొందరపడ్డాను. మోకాలు పోయింది."

"మరి ఆ రోజు కండక్టరెవరు... అయ్యో. బావ!"

"అప్పటికింకా బావ కాదులే. రోజూ ఆసుపత్రికొచ్చి కూర్చునేవాడు. అలా అయ్యాడు."

"పంతొమ్మిదేళ్ళు! ఒక్కసారైనా చెప్పలేదా ఆయనకి?"

"చెబితే మళ్ళీ ఆ కండక్టరు పుల్ల పట్టుకునేవాడా? నా ఆట ఎలాగూ పోయింది. ఆయన పాట కూడా పోవాలా? నువ్వూ నోరు జారకు."

"అక్కా... బాకా వచ్చే పేజీ నువ్వెప్పుడైనా చూశావా?"

"నాకు స్వరాలు చదవడం రాదుగా. అంతా విని నేర్చుకున్నదే."

"స్వరాలు కాదు. పక్కన పెన్సిల్‌తో బావ ఏదో రాసుకున్నాడు. ఇందాకట్నుంచి చూస్తున్నాను, ఏమిటో అర్థం కాలేదు. తేదీ కూడా వేశాడు. నువ్వు పడిన మర్నాటిది."

"ఏమని రాశాడు?"

"'ఆగు. ఆమె ఇంకా గాల్లోనే ఉంది.'"