రెండు సైన్యాల కుక్కలకీ టీకా

టీకొట్టు పక్కనే కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడకి కాంపౌండరు బాబాయి కోతలంటే చెవి కోసుకునేంత ఇష్టం. పూర్వం ఆయన సైన్యంలో సూదులు వేసి వచ్చినవాడు. ఆవేళ మాత్రం ఆవిడ మనసు కథ మీద లేదు. సెలవు మీద వచ్చిన కొడుకు మర్నాడే యుద్ధం జరిగే చోటికి వెళ్ళిపోతాడు. వాడి మణికట్టుకి కట్టుంది. ఏమిట్రా అంటే ముళ్ళకంచె గీరిందమ్మా అంటాడు, చెయ్యి వెనక్కి పెట్టుకుంటాడు. కన్నతల్లికి ఆ మాత్రం తెలీదా?

"మా శిబిరంలో ఓ కుక్క ఉండేదర్రా," అని ఎత్తుకున్నాడు కాంపౌండరు. "తూటాకి జంకని కుర్రాళ్ళు సూదంటే మంచం కింద దూరేవాళ్ళు. ఇలా లాభం లేదని మనుషుల్ని వదిలేసి ముందు కుక్కనే పట్టుకున్నా. ఒక్క పోటు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది వెళ్ళి వాళ్ళ చుట్టాలందరికీ చెప్పింది. తెల్లారేసరికి నా గుడారం ముందు యాభై కుక్కలు, బారు తీరి!"

"సినిమా టిక్కెట్ల దగ్గర కూడా మనం అలా నిలబడం," అన్నాడు టీకొట్టాయన.

"నువ్వుండవయ్యా! మధ్యాహ్నానికి అవతలి సైన్యం కుక్కలు కంచె కిందనుంచి దూరి వచ్చేశాయి. శత్రువులవని పొమ్మంటామా? వేశా. వాటికి తూటాలు తగుల్తాయని రెండువైపులా తుపాకులు దించేశారు. ఆ వెనకాలే ఎవరొచ్చారనుకున్నావు? వాళ్ళ జనరల్! బనీనుతో వచ్చి, 'అయ్యా, నన్ను మా కుక్క కరిచింది, మావాళ్ళకి చెప్పకండి' అన్నాడు. వాడికీ వేశా. యుద్ధం ఆ దెబ్బతో..."

"ఊరుకో తాతా!" అన్నాడు మిషను పక్కనే కూచున్న కొడుకు. "మా పోస్టులో ఉన్న ఒక్క కుక్కపిల్లకే మందు రాలేదు. కరిచిందంటే దాన్ని కాల్చేస్తారు. నోరు మూసుకోక ఏం చేస్తాం?"

మిషను తొక్కుతున్న తల్లి కాలు ఆగిపోయింది. ముళ్ళకంచె కాదన్నమాట.

కాంపౌండరు గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పుడు కరిచింది?"

"ఇటు బయల్దేరే ముందు."

"కట్టు విప్పు. అమ్మాయ్, సబ్బు తే."

కుళాయి కింద ఆ చెయ్యి పట్టుకుని, పసివాడికి పోసినట్టు నీళ్ళు పోస్తూ చాలాసేపు కడిగాడు. "కుక్కకాటు పిచ్చి పైకొచ్చాక ఇంక ఎవరం ఏమీ చెయ్యలేంరా. ఇప్పుడే ఆసుపత్రికి పద. కుక్కపిల్లని చంపక్కర్లేదు. కట్టేసి, తిండి పెట్టి, కొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండమను. మిగతా సూదుల సంగతి మీ ఆఫీసరుతో నేను మాట్లాడతా."

"ఆయన వింటాడా బాబాయ్?" అంది తల్లి.

ఏం కోత కోస్తాడో అని అందరూ చూశారు.

"వినేదాకా అడుగుతానమ్మా," అన్నాడు.

ఈ మనిషి అంత కొయ్యకపోతే పిల్లాడు నోరు విప్పేవాడా అనుకుంది ఆవిడ.

"నొప్పెడుతుందా తాతా?"

"కొంచెం పెడుతుంది."

వాడు లేచి చెప్పులు వేసుకున్నాడు.